ప్రభుత్వ బడి నిర్వహణలో మామూలు తల్లిదండ్రులకు చట్టపరమైన అధికారం ఉందా?

ఉంది, 2009 విద్యాహక్కు చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ పాఠశాలకూ యాజమాన్య కమిటీ ఉండాలి, అందులో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండాలి. సభ్యుల్లో సగం మంది మహిళలు.

బడిలో లోపాలు రోజూ కంటపడేది పిల్లలకు, వారి ద్వారా ఇంట్లో వాళ్లకు. దూరంగా ఉన్న కార్యాలయానికి అవి కాగితం మీదకు వస్తేగాని తెలియవు. అందుకే బడి పనితీరును గమనించడం, నిధుల ఖర్చును పరిశీలించడం, అభివృద్ధి ప్రణాళిక రాయడం ఈ కమిటీ బాధ్యతలయ్యాయి. వీటిలో ప్రణాళికే అసలు బలం. ప్రభుత్వం ఆ బడికి ఇచ్చే నిధులకు దాన్నే ఆధారంగా తీసుకోవాలని 22వ సెక్షన్ చెబుతుంది.

ఉదాహరణకు, ఒక బడిలో ఆడపిల్లలకు వేరుగా మరుగుదొడ్డి లేదనుకుందాం. అది దయతలచి కట్టించేది కాదు, సురక్షితమైన తాగునీటిలాగే చట్టం షెడ్యూలులో ఉన్న ప్రమాణం. కమిటీ దాన్ని ప్రణాళికలో చేరిస్తే నోటిమాటగా మిగిలిన ఫిర్యాదు అధికారిక ప్రతిపాదన అవుతుంది. ఆవరణలో చెట్ల పెంపకాన్ని, వాననీటి గుంతను కూడా ఇలాగే ప్రతిపాదించవచ్చు.

చదువుకున్నవాళ్లే సభ్యులు కావాలని చాలామంది అనుకుంటారు. చట్టంలో అలాంటి షరతు లేదు. అయితే ఎయిడెడ్ బడుల్లో ఈ కమిటీది సలహా పాత్రే. ప్రభుత్వ సాయం లేని ప్రైవేటు బడులకు 21వ సెక్షన్ వర్తించదు.