చర్చి లోపల కత్తుల నాట్యం: నేను చూసిన రెండు బాస్క్ పండుగలు

స్పెయిన్ ఉత్తరాన ఉన్న బాస్క్ ప్రాంతంలో ఊరి పండుగ చూడాలంటే ఎప్పుడు వెళ్ళాలనీ, చర్చి లోపల కత్తులు పట్టి నాట్యం చేస్తారన్న మాట నిజమేనా అనీ మీరు అడిగారు. నిజమే. అక్కడి బిల్బావో నగరంలో చదువుకున్న రోజుల్లో నేను స్వయంగా చూశాను. జూన్ 29న, జూలై 2న అక్కడ ఉండేలా ప్రయాణం పెట్టుకుంటే రెండు ఊళ్ళ పండుగలు చూడవచ్చు.

జూన్ 29 పునీత పేతురు పండుగ. ఆ రోజు సముద్రతీరంలోని లెకేటియోలో ఎనిమిది మంది ఒక పెద్ద చెక్కపెట్టెను భుజాలకెత్తుకుంటారు. తెల్లని దుస్తుల మీద నల్లకోటు తొడిగి, పొడుగాటి టోపీ చేతబట్టిన మనిషి ఆ పెట్టె మీద నిలబడి నాట్యం చేస్తాడు. దీనిని కషర్రాంక అంటారు. జాలరుల సంఘం పత్రాలుండే పెట్టెను కొత్త సంఘపెద్ద ఇంటికి మోసుకుపోయే ఆచారం నుంచి వచ్చిన నాట్యమిది. ఊరేగింపులో పేతురు విగ్రహాన్ని రేవు అంచుకు తెచ్చి, చేపలు పడేలా చేయకపోతే నీళ్ళలో వేస్తామన్నట్టు సముద్రం వైపు వంచుతారు. నిందాస్తుతి ఎరిగిన మనకు ఆ చనువు కొత్తగా అనిపించదు.

నన్ను మరింతగా కదిలించినది సుమర్రాగ అనే ఊరి పండుగ. అక్కడికి శాన్ సెబాస్టియన్ నగరం నుంచి రైలులో వెళ్ళవచ్చు. ఊరికి పైన కొండమీద లా ఆంతిగ్వా అనే పాత దేవాలయం ఉంది. లోయలో కొత్త చర్చి కట్టకముందు ఊరందరికీ విచారణ దేవాలయం, అంటే ప్రధాన చర్చి, అదే. బయటికి సాదా రాతి కట్టడంగా కనిపించినా, లోపల తలెత్తి చూస్తే పైకప్పు మొత్తం ఓక్ దూలాలే. వాటి మీద స్త్రీల ముఖాలు, రకరకాల గీతల నగిషీలు చెక్కి ఉంటాయి. మరియమ్మ తన బంధువు ఎలిజబెతమ్మను దర్శించిన పండుగను కతోలిక సంఘం 1969లో మే 31కి మార్చినా, ఈ ఊరు జూలై 2నే ఉత్సవం చేసుకుంటోంది. ఆ రోజు నర్తకులు బలిపీఠం ఎదుట ఎస్పాత దాంచా, అంటే కత్తుల నాట్యం, సమర్పిస్తారు. సమర్పిస్తారనే మాటను తెలిసే వాడుతున్నాను, ఎందుకంటే అక్కడ వారి చూపు మన వైపు ఉండదు. వాద్యం చిస్తు అనే మూడు రంధ్రాల పిల్లనగ్రోవి. వాయించేవాడు ఎడమచేత్తో దానిని పలికిస్తూనే కుడిచేత్తో చిన్న డోలు కొడతాడు.

నేను పూజ మొదలయ్యాక చేరుకోవడం వల్ల వెనక గోడ దగ్గర నిలబడవలసి వచ్చింది, ముందువారి భుజాల సందులోంచి కత్తుల కొసలే కనిపించాయి. మీరు చాలా ముందుగా వెళ్ళండి. పండుగ రద్దీలో పైకప్పును తీరికగా చూడడం సాధ్యం కాదు కనుక, తెరిచే వేళలు కనుక్కుని మరునాడు మళ్ళీ కొండ ఎక్కండి. నేను అలాగే ఎక్కి, ఖాళీ బల్లమీద కూర్చుని ఆ దూలాలను గంటసేపు చూశాను.