టీకా వేసినా యాంటీబాడీ రాలేదేం?

ప్రశ్న: నాన్నగారికి కిడ్నీ మార్పిడి జరిగి రెండేళ్లయింది. హెపటైటిస్-బి టీకా మూడు డోసులు వేయించినా టైటర్ (రక్తంలో యాంటీబాడీల స్థాయి) 4 వచ్చింది. కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా వాడే మందులు కొన్నాళ్లు ఆపి టీకా వేయిస్తే పనిచేస్తుందా? - ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఆపనే ఆపకండమ్మా, కిడ్నీకే ముప్పు. ఆ మందుల్లో ఒకటైన మైకోఫెనోలేట్ రక్తంలోని బి-కణాలను పెరగనివ్వదు. యాంటీబాడీలు చేయాల్సింది ఆ కణాలే. రక్షణకు టైటర్ కనీసం 10 ఉండాలి. నాన్నగారికి ఇదివరకే హెపటైటిస్-బి సోకలేదని రక్తపరీక్షలో తేలితే, మళ్లీ కోర్సు వేయించే సంగతి నెఫ్రాలజిస్టుతో మాట్లాడండి. ఇలాంటివారికి తరచుగా రెట్టింపు మోతాదు, అంటే 40 మైక్రోగ్రాములు, 0, 1, 2, 6 నెలల్లో ఇస్తారు. చివరి డోసు తర్వాత నెల, రెండు నెలల్లో టైటర్ చూడాలి. తర్వాత ఏటా.

సూది భుజం కండకే. పిరుదుకు వేస్తే స్పందన తగ్గుతుంది. ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలను కలిపిన చోటు) ఉన్న చెయ్యి వద్దు. మందుల షాపులో కొని మీరే తెస్తుంటే, గుంటూరు ఎండకు భయపడి సీసాను ఐసుకు ఆనించేరు! గడ్డకడితే ఈ టీకా దండగే. 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి.

ఇంట్లో పసిపిల్లలున్నారా? పోలియో చుక్కల్లోని బతికున్న వైరస్ వాళ్ల మలంలో వస్తుంది, అందుకే చుక్కలు వేశాక కొన్ని వారాలు వాళ్ల డైపర్లు నాన్నగారు మార్చకూడదు.