డివిజన్‌లో పోటీకి నిలబడుతున్న అమ్మాయికి

సత్యనారాయణపురం,
విజయవాడ.

చిరంజీవి సౌభాగ్యవతికి ఆశీస్సులు.

కార్పొరేటర్‌గా పోటీ చేయాలని నిశ్చయించుకున్నట్లు నీవు రాసిన ఉత్తరం అందింది. పింఛను ఆగిపోయిన ముసలమ్మ మొదలుకొని బడి మానేసిన పిల్లవాడి తల్లి వరకు, సింగ్‌నగర్‌లో ఎవరికి ఏ అవసరం వచ్చినా ముందు నీ గుమ్మానికే వస్తారని నాకు తెలుసు కనుక, ఈ కబురు నాకు చాలా సంతోషం కలిగించింది. అయితే కార్పొరేషన్ కౌన్సిల్ విభాగంలో ఉద్యోగం చేసినవాడిగా, మంచి పేరుతో గెలిచివచ్చి ఐదేళ్ళూ ఏ పనీ చేయించలేక కుమిలిపోయినవారిని చూశాను. అందుకే నామినేషన్‌కు ముందే నీకు కొన్ని సంగతులు చెప్పాలి.

ఇంతవరకు నీవు చేసిన పని వేరు, కార్పొరేటర్ చేయవలసిన పని వేరు. కాలువ పూడితే నీవు కుర్రాళ్ళను కూడగట్టి తీయించావు, పైపు పగిలితే నీ డబ్బుతో మనిషిని పిలిపించావు. కార్పొరేషన్‌లో పనులు చేయించే అధికారం కమిషనర్ చేతిలో ఉంటుంది. కార్పొరేటర్‌కు ఉన్నవి కౌన్సిల్‌లో ప్రశ్న అడిగే హక్కు, తీర్మానం మీద ఓటు, బడ్జెట్ మీద మాట్లాడే అవకాశం. వాటిని వాడుకోవడం రానివారి పదవీకాలం సిఫార్సు ఉత్తరాల మీద సంతకాలు పెట్టడంతోనే గడిచిపోతుంది. కాబట్టి నీ డివిజన్‌కు గత మూడేళ్ళలో ఏయే పనులు మంజూరయ్యాయో, వాటిలో ఎన్ని పూర్తయ్యాయో, ఎన్నింటికి బిల్లులు చెల్లించారో తెలపమని 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఇప్పుడే దరఖాస్తు పెట్టు. మామూలుగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ఆ కాగితం చేతిలో పెట్టుకొని ఇంటింటికీ తిరిగితే, నీవు అడిగేది సానుభూతి ఓటు కాదని జనానికి అర్థమవుతుంది.

బుడమేరు వాగు గురించి తప్పకుండా అడుగుతారు. 2024 సెప్టెంబరు 1న ఇళ్ళలోకి వచ్చిన నీళ్ళను మీ వీధిలో ఎవరూ మరచిపోలేదు. మళ్ళీ వరద రాకుండా చూస్తానని మాత్రం ఎవరికీ మాట ఇవ్వవద్దు. అప్పుడు గండ్లు పడింది ఎగువన బుడమేరు మళ్ళింపు కాలువకు; అది జలవనరుల శాఖ చూసుకోవలసినది, కార్పొరేటర్ చేతిలో లేదు. మామూలు వానకే మీ సందులో మోకాలి లోతు నీరు నిలవడానికి కారణమైన పూడిక, సైడు కాలువ మీద కట్టిన మెట్లు, వాన నీరు పోయే దారి లేకపోవడం, ఇవి కార్పొరేషన్ పరిధిలోనివి. ఏది ఎవరి బాధ్యతో వీధి వీధికీ విడమరచి చెప్పి, కార్పొరేషన్‌కు సంబంధించినదాని మీద మాత్రమే హామీ ఇవ్వు. ఆ నిజాయితీ వల్ల కొన్ని ఓట్లు తగ్గినా తగ్గవచ్చు. గెలిచిన తరువాత మొదటి వర్షాకాలంలో తలెత్తుకొని తిరగాలంటే అదొక్కటే దారి.

ఆ వరద రోజుల్లో మీరంతా పంచిన పాల ప్యాకెట్ల సంగతి, మందుల సంగతి కరపత్రంలో వేయవద్దు. సాయం అందుకున్నవారి ఫొటోలు అసలే వద్దు. నడుములోతు నీళ్ళలో నిలబడి అన్నం పొట్లం కోసం చేయి చాచిన మనిషి, ఆ ఫొటో తన వీధి గోడ మీద కనిపిస్తే ఎంత నొచ్చుకుంటాడో నీకు వేరే చెప్పనక్కరలేదు. నీ సేవ చూసినవారికి అది గుర్తుంటుంది, అయినా వారు వేరే గుర్తుకు ఓటు వేయవచ్చు. దానికి బాధపడకూడదు.

ఎందుకంటే పంచాయతీల మాదిరిగా కాకుండా మన మున్సిపల్ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరుగుతాయి. 2021 మార్చిలో మన నగరంలోని 64 డివిజన్లకూ అలాగే జరిగాయి. మేయర్‌ను ఎన్నుకునేది కార్పొరేటర్లు, వారితోపాటు ఎక్స్ అఫీషియో (పదవి రీత్యా) సభ్యులైన ఎమ్మెల్యేలు, ఎంపీలు. అటువంటి సభలో స్వతంత్ర సభ్యురాలి తీర్మానం నెగ్గడం కష్టం. అందుచేత డబ్బు అడగకుండా టికెట్ ఇచ్చే పార్టీ ఉంటే తీసుకోమనే చెబుతాను. టికెట్‌కు వెల కడితే ఆ గడప దిగి వచ్చేయి, స్వతంత్రంగానే నిలబడు. ఇల్లు తాకట్టు పెట్టి, డ్వాక్రా అప్పు తెచ్చి ఎన్నికల్లో పెట్టినవారు ఆ తరువాత ఎవరి మాట వినవలసి వస్తుందో నేను కళ్ళారా చూశాను. ఒకవేళ పార్టీ ఒప్పుకున్నా, నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిసేలోగా, నీవే తమ అభ్యర్థివని పార్టీ రాసిచ్చే బి-ఫారం ఎన్నికల అధికారికి చేరితేనే ఆ గుర్తు నీది. ఆఖరి గంటలో అది మరొకరి చేతికి పోయిన సందర్భాలు ఉన్నాయి.

రిజర్వేషన్లు ప్రకటించే వరకు ఒక్క ఫ్లెక్సీ కూడా కట్టించవద్దు. నీ డివిజన్ ఎవరికి కేటాయిస్తారో, దాని సరిహద్దులు ఎలా మారతాయో అప్పటిదాకా తెలియదు. ఈలోగా ఓటర్ల జాబితా చూసుకోవడం మేలు. వరద తరువాత అద్దె ఇళ్ళు మారినవారు మీ వైపు చాలామంది ఉంటారు.

మరొక మాట, మీ ఆయన ఎదుటే చదువు. మహిళలకు రిజర్వు చేసిన డివిజన్లలో భార్య గెలిస్తే భర్త అధికారులకు ఫోన్లు చేయడం, సమీక్షలకు వెళ్ళడం మన ఊళ్ళో మామూలైపోయింది. అతను మంచివాడే, నీకు అండగా నిలిచేవాడే. అయినా శానిటరీ ఇన్‌స్పెక్టర్‌తో మాట్లాడవలసింది నీవే, కౌన్సిల్‌లో లేచి అడగవలసింది నీవే. మొదటి నెలలోనే ఇది స్థిరపడకపోతే తరువాత సరిదిద్దడం చాలా కష్టం.

ఇంటి పన్ను, నీటి పన్ను బకాయి లేకుండా కట్టి రసీదులు దాచిపెట్టు. అఫిడవిట్‌లో ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు అడిగిన గడులలో ఒక్కదాన్నీ ఖాళీగా వదలకు. చెప్పడానికి ఏమీ లేని చోట ‘లేదు’ అని రాయాలి. నింపిన పత్రాలను దాఖలు చేయడానికి రెండు రోజుల ముందు నా దగ్గరకు తీసుకురా, ఇద్దరం కూర్చొని వరుసగా సరిచూద్దాం.

ఇట్లు,
నీ బాబాయి