పాత్ర దాచింది బాణీ చెప్పాలి

చిరంజీవికి,

నువ్వు పంపిన సంగీత నాటకం చదివాను. మాటలు బాగున్నాయి. పేచీ అంతా పాటల దగ్గరే. నాయికకు ఏడుపొస్తే ఏడుపొస్తోందనే పాడుతోంది. పక్కనే 'విషాదమైన బాణీ' అని నువ్వు రాసిపెట్టావు. ఆమె బాధ అంతకుముందు డైలాగులోనే తెలిసిపోయింది కదా, మళ్లీ పాటెందుకు?

1945 నాటి అమెరికన్ సంగీత నాటకం 'కరౌసెల్' చూడు. సంగీతం రిచర్డ్ రోడ్జర్స్, సాహిత్యం ఆస్కార్ హామర్‌స్టైన్. కొత్తగా పరిచయమైన జూలీ, బిల్లీ 'నేను గనక నిన్ను ప్రేమిస్తే' అంటూ పాడుకుంటారు. ప్రేమిస్తున్నామని ఒప్పుకోరు. బాణీ మాత్రం ఉప్పొంగి వాళ్ల గుట్టు బయటపెట్టేస్తుంది. అలా ప్రేమిస్తే బిడియంతో నోరు పెగలదని కూడా ఆ పాటలోనే అంటారు. చివరికి జరిగేదీ అదే. ఆ ఒక్క మాట చెప్పకుండానే బిల్లీ చచ్చిపోతాడు.

ఇక వ్యంగ్యం అంటావా, 1979లో వచ్చిన స్టీఫెన్ సోండ్‌హైమ్ సంగీత నాటకం 'స్వీనీ టాడ్' ఉంది. టాడ్ ఓ బార్బర్. అతని కాపురం కూల్చిన జడ్జి గడ్డం గీయించుకోవడానికి వచ్చి అతని కుర్చీలోనే కూర్చుంటాడు. బార్బర్ ఎవరో జడ్జి పోల్చుకోలేదు. పైగా పెళ్లాడబోతున్నది ఆ బార్బర్ కూతురినే. మనమైతే ఇక్కడ గుండె దడదడలాడే వాయిద్యాలు పెట్టేస్తాం. సోండ్‌హైమ్ వాళ్లిద్దరి చేతా అందగత్తెల గురించి గొంతు కలిపి హాయిగా పాడించాడు. జడ్జిది నిజమైన మైమరపు. కత్తి ఎప్పుడు దిగుతుందా అని మనకు టెన్షన్, అయినా ఆ పాట ఆగకూడదనిపిస్తుంది. బార్బర్‌కీ అదే యావ. పగ తీరే క్షణాన్ని చప్పరిస్తూ సాగదీస్తాడు. ఇంతలో ఓ కుర్రాడు తలుపు తోసుకుని వస్తాడు, జడ్జి తప్పించుకుంటాడు. అంటే ఆ పాట కథను ఆపలేదు, మలుపు తిప్పింది.

అలాగని ప్రతి పాటలోనూ ఈ మెలిక పెట్టకు. ఎక్కడా సూటిగా పాడకపోతే ప్రేక్షకుడు ఎవరినీ నమ్మడు.

ముందు రెండో అంకంలోని పెళ్లిపాట తిరగరాయి. పెళ్లికొడుక్కి ఆ పెళ్లి ఇష్టం లేదు కదా, పల్లవిలోంచి ఆ మాట తీసెయ్. కుర్చీలు ఎక్కడ వేయాలో, ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టాలో ఉత్సాహంగా పాడనీ. పెళ్లికూతురి కుర్చీ దగ్గరికి వచ్చేసరికి బాణీని ముగించకుండా మధ్యలో వదిలెయ్యమని సంగీతం చేసేవాళ్లకు చెప్పు. అది కుదిరాక పంపితే, మిగతా పాటల సంగతి చూద్దాం.