కట్నం ఇచ్చేశాం కదా, మళ్ళీ వాటా ఏమిటి?

ప్రశ్న: నాన్నగారు వీలునామా రాయకుండా 2012లో పోయారు. తాతల నాటి 8 ఎకరాలు ఇంకా పంచుకోలేదు. అన్నయ్యలిద్దరూ హక్కు విడుదల దస్తావేజు (నా వాటా వదులుకుంటున్నానని రాసే పత్రం) మీద సంతకం పెట్టమంటున్నారు. 1998లో పెళ్ళికి కట్నం ఇచ్చాం కాబట్టి ఇప్పుడు అడిగితే పరువు పోతుందని అమ్మ కూడా అంటోంది. నాకు హక్కుందా?
- ఓ సోదరి, గుంటూరు జిల్లా

జవాబు: ఉందమ్మా, అన్నయ్యలతో సమానంగా ఉంది. కట్నం ఆస్తిలో వాటా కిందకి రాదు. పైగా అది 1961 నాటి చట్టం ప్రకారం నేరం. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళికాని ఆడపిల్లలకు పిత్రార్జితంలో కొడుకులతో సమాన హక్కును ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే ఇచ్చింది. 2005లో ఆ హక్కు దేశమంతటికీ, పెళ్ళయినవాళ్ళకీ వచ్చింది. అయినా ‘పసుపు కుంకుమలు ఇచ్చాం, చాలు’ అన్న మాట వింటూ పెరిగిన ఆడవాళ్ళకు అడగడమే తప్పనిపిస్తుంది. వాటా అడిగితే పుట్టింటికి రాకపోకలు ఉండవన్న భయమూ చిన్నప్పుడే పట్టుకుంటుంది. అమ్మగారిని తప్పుపట్టకండి, లెక్క చూపించండి.

నాన్నగారికీ మీ ముగ్గురికీ తలా 2 ఎకరాలు. నాన్నగారి 2 ఎకరాల్లో అమ్మకూ మీ ముగ్గురికీ తలా 50 సెంట్లు. నాయనమ్మ అప్పటికే లేరనుకుంటే మీకు రెండున్నర ఎకరాలు, అమ్మకు అరెకరం. తనకూ వాటా ఉందని చాలామంది తల్లులకు ఎవరూ చెప్పరు. ఆ కాగితంలో అమ్మ సంతకం కూడా అడుగుతున్నారేమో తప్పకుండా చూడండి.

‘పాస్‌బుక్ మార్పు కోసం ఒక్క సంతకం’ అని రిజిస్ట్రారు ఆఫీసుకి తీసుకెళ్ళడం దగ్గరే ఎక్కువమంది మోసపోతున్నారు. విడుదల పత్రం రిజిస్టరైతే తిప్పడం కష్టం. మోసమో బలవంతమో జరిగిందని రుజువు చేయాలి, దావా కూడా తెలిసిన మూడేళ్ళలోపే వేయాలి. ముందుగా సర్వే నంబర్లతో ఈసీ (భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరం), 1బి (భూ యజమానుల రికార్డు), అడంగల్ (సాగు వివరాల రికార్డు) తీయించండి. 2005 చట్టం ప్రకారం 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకమో కోర్టు డిక్రీతో జరిగిన పంపకమో ఉంటే చిక్కు, నోటిమాట పంపకం సాధారణంగా నిలవదు. రికార్డుల్లో పేర్లు అన్నయ్యలవే ఉన్నా మీ హక్కు పోదు.

అన్నీ తెలుసుకున్నాక ప్రేమతో వదులుకుంటానంటే అది మీ ఇష్టం. కానీ సంతకానికి ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కాగితాలు చూపించండి. ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఫోన్ 15100.