బొగ్గు తగ్గే కాలంలో ఈఈఈ చదువుతున్న అమ్మాయికి దారేది?

ప్రశ్న: రామగుండంలో థర్మల్ కేంద్రంలో పనిచేస్తున్నాను. మా అమ్మాయి బీటెక్ ఈఈఈ మూడో సంవత్సరం. బొగ్గు ప్లాంట్లు మూతపడతాయని, కరెంటు రంగాన్ని నమ్ముకోవద్దని, ఇప్పుడే సాఫ్ట్‌వేర్‌కు మళ్లించమని బంధువులు అంటున్నారు. తనకేమో పవర్ సిస్టమ్స్ (కరెంటు ఉత్పత్తి, సరఫరా వ్యవస్థల చదువు) అంటేనే ఇష్టం. ఏం చేయమంటారు?

జవాబు: పవర్ సిస్టమ్సే చదవనివ్వండి. ఇష్టం ఉందని మాత్రమే ఇలా చెప్పడం లేదు. 2070 నాటికి నెట్ జీరో, అంటే గాలిలోకి వదిలే కర్బన ఉద్గారాలు, తిరిగి పీల్చుకునేవి సమానమయ్యే స్థితి, సాధిస్తామని మన దేశం 2021లో గ్లాస్గో సదస్సులో ప్రకటించింది. మీ అమ్మాయి ఉద్యోగంలో చేరిన రోజు నుంచి రిటైరయ్యేదాకా ఆ పని నడుస్తూనే ఉంటుంది.

బొగ్గు తీసేసి సోలార్ పెడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. దేశంలో స్థాపిత సామర్థ్యంలో (ప్లాంట్లన్నీ కలిపి గరిష్ఠంగా ఇవ్వగలిగిన కరెంటులో) సగం బొగ్గు, గ్యాస్ వంటి ఇంధనాలతో పనిలేనిదేనని 2025లో కేంద్రం ప్రకటించింది. కానీ మనం వాడే యూనిట్లలో ఎక్కువ భాగం ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తోంది. ఎండ మధ్యాహ్నం దండిగా ఉంటుంది. ఇంటింటా లైట్లు, ఏసీలు వేసే సాయంత్రానికి ఉండదు. ఆ నాలుగైదు గంటలు గట్టెక్కాలంటే ఎంత నిల్వ కావాలి, దాన్ని ఎక్కడ కట్టాలి, ఏ లైను ముందు వేయాలి, ఏ థర్మల్ యూనిట్‌ను ఎన్నేళ్లు ఉంచాలి? ఈ లెక్కలు వేయగలవాళ్లు ఇప్పుడు కావాలి. ప్యానెళ్లు బిగించడం నేర్పే కోర్సులు వీధికొకటి వచ్చాయి, ఈ లెక్క నేర్పేవి తక్కువ.

శ్రీశైలం ఎడమగట్టు, నాగార్జునసాగర్ కేంద్రాల్లో నీటిని తిరిగి పైకి తోడగల టర్బైన్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. కర్నూలు దగ్గర పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ సోలార్, పవన విద్యుత్తుకు తోడుగా వచ్చింది. మిగులు కరెంటుతో నీళ్లు పైకి తోడి, సాయంత్రం వదిలి కరెంటు తీయడమే అక్కడి పని. ఇలాంటివి ఎన్ని కావాలో, బ్యాటరీలు ఎంతవరకు చౌకో తేల్చడం ఒక కెరీర్.

రెండో చిక్కు ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు దిశ మార్చుకుని తిరిగి వస్తుందన్న లెక్క. మీ ప్లాంటులో తిరిగే బరువైన టర్బైను, జనరేటరు గ్రిడ్‌లో ఎక్కడ కుదుపు వచ్చినా తమ వేగంతో కొంత కాసుకుంటాయి. సోలార్ ఇన్వర్టర్లకు అలాంటి బరువు లేదు. 2012 జులైలో ఉత్తరాది, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలినప్పుడు మనం తప్పించుకున్నాం, ఎందుకంటే దక్షిణ గ్రిడ్ అప్పటికి వాటితో ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసి లేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైనుతో కలిసింది. ఇప్పుడు దేశమంతా ఒకే గ్రిడ్. 50 హెర్ట్జ్ దగ్గర దాన్ని నిలబెట్టే బాధ్యత ముందు ముందు మరింత పెరుగుతుంది.

ఉద్యోగాలు ఎక్కడంటే, 2003 విద్యుత్ చట్టం ప్రకారం ఐదేళ్లకోసారి జాతీయ విద్యుత్ ప్రణాళిక తయారుచేసేది కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ. అందులోకి యూపీఎస్సీ ఇంజినీరింగ్ సర్వీసెస్ ద్వారా వెళ్లొచ్చు. పెద్ద లైన్లు నడిపే పవర్‌గ్రిడ్, గ్రిడ్‌ను సమన్వయం చేసే గ్రిడ్ ఇండియా గేట్ స్కోరుతో ట్రైనీలను తీసుకుంటుంటాయి. గేట్‌తోనే ఐఐటీల్లో పవర్ సిస్టమ్స్ ఎంటెక్ కూడా. రాష్ట్ర ట్రాన్స్‌కోలు (సరఫరా లైన్ల సంస్థలు), ఏ ప్లాంటు ఎంత కరెంటు ఇవ్వాలో చెప్పే లోడ్ డిస్పాచ్ సెంటర్లు, నియంత్రణ మండళ్లు, ప్రైవేటు డెవలపర్లు, కన్సల్టెన్సీలు ఉండనే ఉన్నాయి. ప్రభుత్వ నోటిఫికేషన్లు మాత్రం ఏటా ఒకేలా రావు, అందుకే ఒక్క పరీక్ష మీదే ఆశలన్నీ పెట్టొద్దు.

ఈ ఏడాదిన్నరలో లోడ్ ఫ్లో (ఏ లైనులో ఎంత కరెంటు పారుతుందన్న లెక్క), స్టెబిలిటీ (కుదుపు తర్వాత గ్రిడ్ నిలబడటం), పవర్ ఎలక్ట్రానిక్స్ గట్టిగా పట్టుకోవాలి. పైథాన్ తప్పనిసరి. పైప్‌సా (PyPSA) అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెలంగాణ కరెంటు వ్యవస్థకు ఒక చిన్న నమూనా కట్టి చూడమనండి, ఇంటర్వ్యూలో మార్కుల మెమో కంటే అదే ఎక్కువ మాట్లాడుతుంది. మన పిల్లలు ఎక్కువగా వదిలేసేది ఆర్థికం. టారిఫ్ (కరెంటు ధర) ఎలా నిర్ణయిస్తారు, కరెంటు కొనుగోలు ఒప్పందాల్లో ఫిక్స్‌డ్ ఛార్జీ అంటే ఏమిటి, ఇళ్లకు కరెంటు పంచే డిస్కంలు ఎందుకు నష్టపోతాయి అన్నది తెలియకుండా ప్రణాళిక వేయలేరు. విద్యుత్ నియంత్రణ మండలి ఏటా ఇచ్చే టారిఫ్ ఉత్తర్వును ఒక్కసారైనా మొదటి నుంచి చివరిదాకా చదవాలి.

ఇక మీ సంగతి. థర్మల్ యూనిట్లు రాత్రికి రాత్రి పోవు. కానీ పగలు లోడు తగ్గించి సాయంత్రం వేగంగా పెంచాల్సి వస్తుంది. 2023 నిబంధనలు కనీస లోడును యూనిట్ సామర్థ్యంలో 55 శాతానికి, తర్వాత దశల్లో 40 శాతానికి దించమంటున్నాయి. లోడు ఎంత పడితే మంట నిలవడానికి ఆయిల్ సపోర్టు కావాలి, చల్లారిన యూనిట్‌ను లైన్లోకి తేవడానికి ఎన్ని గంటలు పడుతుంది, మాటిమాటికీ ఎత్తిదించితే బాయిలర్ ట్యూబులు ఏమవుతాయి — ఇవన్నీ మీకు చేసి తెలిసినవే. ఆమెకు పుస్తకంలో దొరకవు. కూర్చోబెట్టి చెప్పండి, అనుమతి దొరికితే కంట్రోల్ రూమ్ చూపించండి.

క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్ ఆఫర్ వస్తే? ఇంటికి ఆ జీతం అవసరమైతే చేరనివ్వండి, తప్పేం లేదు. అయితే ఫైనలియర్‌లోనే గేట్ రాయించండి. ఆ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది.