కళ్ళజోడు తీసి దాచేస్తున్న పాప

ప్రశ్న: మా పాపకు ఐదున్నరేళ్ళు, యూకేజీ చదువుతోంది. బడికొచ్చిన ఆరోగ్య బృందం కుడి కన్ను మెల్లగా ఉందని చెబితే పెద్దాసుపత్రిలో చూపించాం. కళ్ళలో మందు వేసి పరీక్ష చేసి, కుడి కంటికి ప్లస్ 5.50, ఎడమ కంటికి ప్లస్ 3 అద్దాలు రాశారు. నిద్రపోయేదాకా తీయకూడదన్నారు. మూడు వారాలైనా పది నిమిషాలు ఉంచుకోదు. ‘మసగ్గా ఉంది’ అంటుంది, దిండు కింద దాచేస్తుంది. ‘నేల మీద చీమ కూడా కనిపిస్తోంది, దీనికెందుకీ సోడాబుడ్డి’ అంటారు అత్తగారు. మావారు విసిగిపోయి రెండుసార్లు కొట్టారు. పైగా అద్దాలు తీసినప్పుడు మెల్ల ఇదివరకటి కంటే ఎక్కువగా కనిపిస్తోంది. మానేయమంటారా?
- ఒక తల్లి, గుంటూరు జిల్లా

జవాబు: మానేయకండి. అయితే ముందు పాప మాట నమ్మండి. మసగ్గా ఉందంటే నిజంగానే మసగ్గా ఉండొచ్చు. ప్లస్ పవరున్న పిల్లలు కంటి లోపలి కండరాన్ని రోజంతా బిగబట్టి చూపును సరిచేసుకుంటూ ఉంటారు. జోడు పెట్టాక ఆ పని అద్దం చేస్తుంది. కండరం మాత్రం పాత అలవాటు కొద్దీ బిగుసుకునే ఉంటుంది. రెండూ కలిసి ఎక్కువైపోయి, దూరంగా ఉన్నవి అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. తీసేస్తే హాయిగా ఉంటుంది. మరి ఏ పిల్లయినా తీసేయక ఏం చేస్తుంది? కండరం వదులు కావడానికి సాధారణంగా ఒకటి రెండు వారాలు, కొందరికి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. అదీ రోజంతా పెట్టుకుంటేనే. పది నిమిషాలకోసారి తీసేస్తుంటే ఆ పిల్లకు ప్రతిరోజూ మొదటిరోజే.

మీ అత్తగారు చెప్పిన చీమ ఎడమ కంటికి కనిపించినదై ఉంటుంది. రెండు కళ్ళ పవరులో 2.50 తేడా ఉన్నప్పుడు మెదడు స్పష్టంగా ఉన్న బొమ్మను తీసుకుని రెండోదాన్ని పక్కన పెట్టేస్తుంది. అలా వాడుక తప్పిన కంటినే లేజీ ఐ అంటారు. ఆవిడ చేతే చిన్న పరీక్ష చేయించండి. పాప కుడి కన్ను అరచేత్తో మూసి గోడ మీది క్యాలెండరు బొమ్మలు చెప్పమనాలి. తర్వాత ఎడమ కన్ను మూసి అడగాలి. రెండోసారి తడబడినా, చెయ్యి తోసేసినా వందసార్లు చెప్పేకంటే బాగా అర్థమవుతుంది. ఏడెనిమిదేళ్ళలోపు ఈ కంటికి చూపు నేర్పడం తేలిక. ఆ తర్వాత కూడా కొంత ఫలితం ఉంటుంది కానీ శ్రమ ఎక్కువ. మీకు సమయముంది, వృథా చేసుకునేంత మాత్రం లేదు.

మెల్ల సంగతి. కండరం బిగించినప్పుడల్లా కన్ను ముక్కువైపు లాక్కుపోతుంది. అద్దాలతో కాసేపు వదులైన కండరాన్ని, తీయగానే పాప ఒక్కసారిగా బిగిస్తుంది. అందుకే అప్పుడు మెల్ల కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అద్దాలు దాన్ని పెంచలేదు. జోడు ఉన్నప్పుడు కన్ను ఎలా ఉందో అదే చూడండి. అప్పుడూ లోపలికే తిరుగుతుంటే ఫొటో తీసి డాక్టరుకు చూపించండి.

ఇక జోడు. యూనిఫాం ఒక సైజు పెద్దది కుట్టించినట్టు ‘వచ్చే ఏడాదికీ సరిపోతుంది’ అని పెద్ద ఫ్రేము కొనేస్తుంటాం. అది ఇక్కడ పనికిరాదు. కనుపాప అద్దం మధ్యకు రావాలి. తల వంచితే జారకూడదు. కనురెప్పల వెంట్రుకలు అద్దానికి తగలకూడదు. కాడ వంపు సరిగ్గా చెవి వెనక మొదలవ్వాలి: పొడవైతే జారుతుంది, పొట్టిదైతే చెవి వెనక ఒరుసుకుని ఎర్రబడుతుంది. ముక్కు మీద ఒకవైపే లోతుగా గుర్తు పడితే ప్యాడ్లు సరిచేయించండి. పాప అద్దాల పైనుంచి చూస్తోందంటే జోడు జారుతోందనో, అద్దంలోంచి మసగ్గా ఉందనో అర్థం. మన పిల్లల్లో చాలామందికి ముక్కు దూలం ఇంకా లేవదు కాబట్టి తల వెనక కట్టే మెత్తటి పట్టీ గానీ, కాడలకు తొడిగే సిలికాన్ కొక్కేలు గానీ వేయించండి. అద్దాలు పాలీకార్బొనేట్‌వి (సులువుగా పగలని ప్లాస్టిక్) అయితే మంచిది. గాజువి మాత్రం వద్దే వద్దు.

ఇంకొకటి చాలామంది చేయరు. చీటీ, జోడు రెండూ తీసుకెళ్ళి ఆసుపత్రిలో లెన్సోమీటరు మీద పవరు సరిచూడమని అడగండి. రెండు నిమిషాల పని. కుడి ఎడమలు తారుమారవడం, అద్దం కేంద్రం కనుపాపకు ఎదురుగా లేకపోవడం జరుగుతుంటాయి. అదే జరిగి ఉంటే అన్నాళ్ళూ తప్పు పాపదనుకుంటూ ఉంటాం.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాక అలవాటు మొదలుపెట్టండి. లేచి మొహం కడగగానే జోడు, స్నానానికీ నిద్రకీ తీయడం. ఒకేసారి రోజంతా కుదరకపోతే దగ్గరి పనులతో మొదలుపెట్టండి. రంగులు వేయడం, పూసలు గుచ్చడం, బొమ్మల పుస్తకం చూడటం లాంటివాటిలో మసక అంతగా తెలియదు. రోజూ సమయం పెంచుతూ పది రోజుల్లో పూర్తి రోజుకు రండి. తీసేస్తే ఏమీ అనకుండా మళ్ళీ పెట్టండి. మళ్ళీ తీస్తే కథో ఆటో అక్కడే ఆపేయండి, జోడు పెట్టాక కొనసాగించండి. విసిరేసేలా ఉంటే మీరే తీసుకుని డబ్బాలో పెట్టి, ఐదు నిమిషాలాగి మళ్ళీ పెట్టండి. తీసేటప్పుడు రెండు చేతులతో తీయడం నేర్పండి, ఒక చేత్తో లాగితే కాడ వంగిపోతుంది. చీర కొంగుతో పొడిగా తుడవకండి, గీతలు పడతాయి. ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసి నీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్దండి.

మీవారికి ఒక్క మాట. దెబ్బ తిన్న పిల్ల మీ ముందు పెట్టుకుంటుంది, బడిలో తీసేస్తుంది. రోజుకు ఐదారు గంటలు బడిలోనే కదా. కొట్టడం మానేసి ఆయన టీచర్ని కలిస్తే మేలు: ఆటలప్పుడు కూడా తీయించవద్దనీ, ఎవరైనా ‘నాలుగు కళ్ళు’ అని వెక్కిరిస్తే అక్కడికక్కడే ఆపమనీ చెప్పాలి. వీలుంటే రెండో జోడు ఒకటి చేయించండి. విరిగిన జోడు బాగై వచ్చేలోపు అలవాటు తప్పిపోతుంది.

అత్తగారు పొన్నగంటి కూర, క్యారెట్ పెడతానంటే పెట్టనివ్వండి. ఒంటికి మంచివే, ప్లస్ పవరుకు కారణమైన కంటి సైజును మాత్రం మార్చలేవు. అద్దాలు పెడితే పవరు పెరుగుతుందన్నది నిజం కాదు. ప్లస్ పవరు చాలామంది పిల్లలకు కన్ను పెరిగేకొద్దీ కొంత తగ్గుతుంది కూడా. మధ్యాహ్నం బడి నుంచి వచ్చాక జోడు కడిగి పెట్టే పని ఆవిడకే అప్పగించండి.

ఇంత చేసినా రెండు వారాల తర్వాత మసకే అంటుంటే తిరిగి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. బిగిసిన కండరాన్ని వదులు చేయడానికి కొన్నాళ్ళు అట్రోపిన్ అనే కంటి మందు వాడమనవచ్చు. వాళ్ళు రాస్తేనే వాడండి. పరీక్షకని ఇచ్చినది ఇంట్లో మిగిలి ఉన్నా సొంతంగా వేయకండి. వేశాక జ్వరం వచ్చినా, మొహం ఎర్రబడినా ఆపేసి ఆసుపత్రికి ఫోన్ చేయండి. అద్దాలతో కొన్ని నెలలు గడిచాక కూడా కుడి కంటి చూపు వెనకబడి ఉంటే బాగా కనిపించే ఎడమ కంటిని మూసేలా రోజూ కొన్ని గంటలు ప్యాచ్ వేయమంటారు. అది చర్మానికి అంటించాలి. అద్దం మీద అంటిస్తే పక్కనుంచి తొంగి చూసేస్తుంది.